మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో, ఎనిమిదేళ్ళ పాపతో కృష్ణ ఒడ్డున పిట్టలు చూడాలంటే

మీరు అడిగినదాన్ని ముందుగా ఒకసారి నా మాటల్లో చెబుతాను. మీది మహబూబ్‌నగర్. అమ్మగారికి అరవై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పాపకు ఎనిమిదేళ్ళు, బడిలో పక్షుల పాఠం చెప్పినప్పటి నుంచి పిట్టల పిచ్చి పట్టుకుంది. సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు నది పక్కన, చెట్ల మధ్య తేలికగా నడిచి పక్షులు చూడాలి. ఎక్కడికి వెళ్ళాలి, ఎన్ని కిలోమీటర్లు నడవాలి, బైనాక్యులర్ కొనాలా, ఎన్ని రకాలు కనిపిస్తాయి? చివర్లో మొహమాటంగా ఇంకొకటి అడిగారు: అమ్మను ఇంటి దగ్గరే ఉంచి వెళ్ళడం మంచిదా అని.

ఆ చివరిదానికే ముందు జవాబు చెబుతాను. అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్ళండి. ఆమె వెంట ఉంటేనే మీకు పక్షులు బాగా కనిపిస్తాయి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. ఎందుకో వినండి.

నేను నల్లగొండ జిల్లాలో సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పిట్టలు చూడడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. మొదట్లో నాకు ఎంత నడిస్తే అంత గొప్ప. ఒక డిసెంబరులో పద్నాలుగు మంది పిల్లలను వెంటబెట్టుకుని నాగార్జునసాగర్ దిగువన ఒడ్డు పట్టుకుని ఏడు కిలోమీటర్లు నడిపించాను. మాకు వంద గజాల ముందు పిట్టలు లేస్తూనే ఉన్నాయి. అందరం తోకలు చూశాం, ముఖాలు చూసినవాడు లేడు. సాయంత్రానికి నోటుపుస్తకంలో తొమ్మిది పేర్లు, పిల్లల కాళ్ళకు బొబ్బలు.

వారం తర్వాత ఒక్కడినే వెళ్ళి, దిగీ దిగగానే రాయి మీద కాలు జారి మడమ బెణికించుకున్నాను. స్నేహితుడు బండి తెచ్చేదాకా ఎక్కడికీ కదలలేక పండ్లతో ఉన్న జువ్వి చెట్టు కింద కూలబడ్డాను. మొదటి పావుగంట నొప్పి తప్ప ఏమీ తెలియలేదు. ఆ తర్వాత, నేనొక రాయినని నిర్ణయించుకున్నట్టు పిట్టలు ఒక్కొక్కటే వచ్చి వాలాయి. గోరింకలు, పిగిలిపిట్టలు, కోకిలలు, ఆకుల రంగులో కలిసిపోయి పండు కిందపడితే తప్ప ఉన్నట్టే తెలియని పచ్చ పావురాలు. రెండు గంటల్లో ఇరవై రెండు రకాలు, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. ఆ బెణుకుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కాబట్టి ఎన్ని కిలోమీటర్లు అన్నదానికి నా లెక్క ఇది: పోను ఒక కిలోమీటరు, రాను ఒక కిలోమీటరు, దానికి మూడు గంటలు. నడక గంటకు మించదు, మిగతాదంతా కూర్చోవడమే. అమ్మగారికి ఒక మడత కుర్చీ పట్టుకెళ్ళండి. ఆమె ఎక్కడ కూర్చుంటానంటే అక్కడ మీరూ కూర్చోండి. పాపకు తొందర ఎక్కువగా ఉంటుంది, అమ్మమ్మ కుర్చీ దానికి మంచి కళ్ళెం.

ఇక చోటు. గేటు, టికెట్టు, సిమెంటు బెంచీలు ఉన్నదే కావాలంటే మీ ఊరి పక్కనే అప్పన్నపల్లి అడవిలో మయూరి పార్కు ఉంది, రెండు వేల ఎకరాల పైచిలుకు. అక్కడ నది లేదు కానీ అడవి ఉంది, దారి చదునుగా ఉన్న భాగాలూ ఉన్నాయి. ముందు ఒక ఆదివారం ఉదయం అక్కడికో, పిల్లలమర్రికో వెళ్ళి సాధన చేసుకోండి. పిల్లలమర్రిని తక్కువగా చూడకండి. కొన్నేళ్ళ కింద చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, 2018లో ఆ మానుకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పండ్లు ఉన్న రోజుల్లో అక్కడ ఒక గంట నిలబడితే నా జువ్వి చెట్టు కథ మీకే అనుభవంలోకి వస్తుంది.

మర్రి, రావి, జువ్వి, మేడి ఒకే కుటుంబం. ఒకే జాతి చెట్లయినా అన్నీ ఒకేసారి కాయవు. ఈ ఊరి మర్రి ఇప్పుడు కాస్తే పక్క ఊరి మర్రి రెండు నెలలకు కాస్తుంది. అందుకే అడవిలో మిగతా పండ్లు అయిపోయిన రోజుల్లోనూ ఎక్కడో ఒకచోట ఈ అన్నసత్రం నడుస్తూనే ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా మీరు వెతకవలసింది పిట్టను కాదు, ముందు ఈ చెట్టును.

నది పక్క నడకకు మాత్రం నేను సోమశిల చెబుతాను. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి సోమశిల. మొత్తం సుమారు నూట పది కిలోమీటర్లు. కొల్లాపూర్ దాకా బస్సులు ఉన్నాయి, ఆపైన ఆటో. సూర్యోదయానికి అక్కడ ఉండాలి, జనవరిలో అది ఏడుకు కాస్త ముందు. అమ్మగారిని తెల్లవారుజామున మూడున్నరకు లేపి చలిలో ప్రయాణం చేయించే బదులు ముందు రోజు సాయంత్రమే వెళ్ళి అక్కడే పడుకోండి. పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి, సెలవు రోజుల్లో ముందుగా చెప్పుకోకపోతే దొరకవు. ఇంకో మాట, సరిగ్గా కనుమ నాడు వెళ్ళకండి. ఆ రోజు పడవలు, పాటల పెట్టెలు, చేపల వేపుడు వాసన తప్ప మరేమీ ఉండదు. చేపల వేపుడు మీద నాకు కోపం లేదు, పాటల పెట్టెల మీదే.

సోమశిల దగ్గర మీరు చూసేది శ్రీశైలం జలాశయపు వెనుక నీరు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వరద వచ్చిన ఏడు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీరు గట్టు మీది చెట్ల మొదళ్ళ దాకా వస్తుంది. తర్వాత కాలువలకు, కరెంటుకు వాడుతున్న కొద్దీ వెనక్కి జరుగుతుంది. ఇంకా తగ్గితే అవతలి వైపు సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి బయటపడడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. జనవరిలో వెళ్ళమనడానికి కారణం ఈ నీటి మట్టమే. అప్పటికి చెట్లకూ నీళ్ళకూ మధ్య బురద, లేత గడ్డి ఉన్న పట్టీ ఒకటి తేలుతుంది. చెట్ల మీద ఒక లోకం, బురదలో ఒక లోకం, నీటి మీద ఒక లోకం. ఒకే కుర్చీలోంచి మూడూ కనిపిస్తాయి. మార్చి దాటితే నీరు మరీ దూరం పోతుంది, ఎండ తల మాడుస్తుంది.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం దగ్గరే కదా, అక్కడ నడవవచ్చా అని కొందరు అడుగుతుంటారు. మీ అంతట మీరు నడవకూడదు. మన్ననూరు, ఫరహాబాద్ వైపు అటవీ శాఖ బండిలో కూర్చుని చూడడమే. 1931లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు ఆ పీఠభూమి మీదా మకాం వేశారు. ఆయన నడిచారని మనమూ నడవలేము. అది పులి ఇల్లు, పైగా చిన్న పిల్లతో అసలే కాదు.

సోమశిలలో ఎలా చూడాలంటే, వెలుతురు రాకముందే ఊరి గుడి వైపు ఒడ్డుకు చేరుకోండి. మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడకండి, బైనాక్యులర్ కూడా ఎత్తకండి. చెవులు చాలు. ముందు జెముడు కాకి గొంతు వినిపిస్తుంది, సీసాలోంచి నీళ్ళు ఒంపినట్టు బుడబుడమని లోతుగా. తర్వాత పొదల్లోంచి పిగిలిపిట్టలు. దూరంగా అడవికోడి కూసినా కూయవచ్చు, ఊరి కోడి కూతను సగంలో మింగేసినట్టు ఉంటుంది. వెలుతురు కాస్త పడగానే కంసాలి పిట్ట మొదలుపెడుతుంది. రాగిరేకు మీద సుత్తి దెబ్బలాగా టుక్, టుక్, టుక్. వెతికితే దొరకదు, ఎందుకంటే అది కూస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది, శబ్దం ప్రతిసారీ వేరే దిక్కు నుంచి వచ్చినట్టు ఉంటుంది. చలి ఉదయాలలో అది ఆకులు లేని కొమ్మ చివరన ఎండ కాగుతూ కూర్చుంటుంది. పిచ్చుకంత పిట్ట, నుదుటి మీద ఎర్రబొట్టు. ఆ బొట్టును మొదట మీ పాపే చూస్తుంది, పందెం.

వెలుతురు వచ్చాక మెల్లగా ఒడ్డు వెంట కదలండి. సూర్యుడు వీపు వైపు ఉండేలా చూసుకోండి, లేకపోతే ప్రతి పిట్టా నల్లపిట్టే. కరెంటు తీగ మీద దుమ్ముకొట్టుకుపోయిన గోధుమరంగు పిట్ట ఒకటి కనిపిస్తే దాటిపోవద్దు. అది ఎగిరే దాకా ఆగండి. రెక్క విప్పగానే రెండు రకాల నీలం భగ్గుమంటుంది. అది మన రాష్ట్ర పక్షి పాలపిట్ట, దసరా నాడు జమ్మికి మొక్కి వెతుక్కునేది. అమ్మగారికి వేరే చెప్పనక్కరలేదు. బురదలో గుడ్డి కొంగదీ ఇదే విద్య: కూర్చుంటే బురద రంగు, లేస్తే తెల్లటి రెక్కలు. మూడడుగుల దాకా వెళ్ళినా కదలదు, అందుకే జనం దానికి కళ్ళు లేవనుకున్నారు. నిజానికి దానికి కనిపిస్తున్నంత మనకు కనిపించదు.

గేదెల మంద ఎదురైతే విసుక్కోకండి. గేదె వీపు మీద చూడండి. నల్లగా, తోక చివర కత్తెరలా చీలి ఉండేది పసుల పోలిగాడు. గేదె నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగులను గాలిలోనే అందుకుంటుంది. చూడడానికి గుప్పెడు లేదు కానీ దాని గూటి జోలికి వస్తే గద్దనైనా తరుముతుంది. గేదె కాళ్ళ దగ్గర తోక ఊపుతూ పరుగెత్తేది కాటుక పిట్ట. చెట్ల నీడలో, తడిగా ఉన్నచోట ఓపిక పడితే పొడుగు తోక పిగిలిపిట్ట కూడా కనిపించవచ్చు. తెల్లటి మగపిట్ట తోక రిబ్బన్ లాగా జానెడు వేలాడుతుంది. పాతికేళ్ళుగా చూస్తున్నా దానిని చూసిన ప్రతిసారీ నేను ఊపిరి పీల్చడం మరిచిపోతాను.

నీటి మీద గద్దలు తిరుగుతుంటాయి, తల తెల్లగా, ఒళ్ళు ఇటుక రంగులో ఉంటే అది గరుడ పక్షి. వలలు విడదీసేచోట, జాలరుల పుట్టుల పైన ఎక్కువ. రాళ్ళ మీద రెక్కలు చాచి బట్టలు ఆరేసినట్టు నిలబడేవి నీటి కాకులు. వాటి ఈకలు నీటిని పీల్చుకుంటాయి, లోతుకు మునగడానికి అదే అనువు, ఆరబెట్టుకోవడం దానికి కట్టే సుంకం. లకుముకి పిట్టల్లో రెండింటిని వేరు చేయడం పాపకు నేర్పండి. నీలం వీపు, గోధుమ తల, తెల్లటి రొమ్ము ఉన్నది నీళ్ళకు దూరంగా తొండలను, మిడతలను కూడా తింటుంది. నలుపు తెలుపు గళ్ళది మాత్రం నీటిపైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, తల కిందులుగా రాయి పడ్డట్టు పడుతుంది. సగం సార్లు వట్టి ముక్కుతో లేస్తుంది. పాపకు అది కూడా చూపించండి.

తీతువు పిట్ట మీ తల మీద అరుస్తూ చక్కర్లు కొడితే ఉన్నచోటే ఆగి, వచ్చిన దారినే వెనక్కి రండి. గుడ్లు పెట్టేది ముఖ్యంగా ఎండాకాలంలోనే కానీ అలవాటు ఎప్పుడూ మంచిదే. గూడు కట్టదు, గులకరాళ్ళ మధ్య పెడుతుంది, గుడ్లూ గులకరాళ్ళలాగే ఉంటాయి. అది అరిస్తే అపశకునమని అమ్మగారు అనవచ్చు. అది తన పిల్లల మీద ప్రేమతో అరుస్తోందని పాపతో చెప్పించండి, మీరు చెబితే వాదన అవుతుంది.

అమ్మగారిని తీసుకెళ్ళమనడానికి రెండో కారణం ఇదే. పాప పుస్తకంలో ఇంగ్లీషు పేర్లు ఉంటాయి. తీతువు, జెముడు కాకి, పాలపిట్ట, గిజిగాడు, కౌజు ఆమె నోట్లో ఉంటాయి. పొలం గట్ల మీద పెరిగిన తరం వాళ్ళకు ఏ పిట్ట ఏ పంట మీద వాలుతుందో, ఏది కూస్తే వాన వస్తుందనుకునేవారో తెలుసు. ఆ పేర్లను పాప చేత రాయించండి. దారిలో ఈత చెట్టుకో తుమ్మ కొమ్మకో పాత గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటే కింద కాసేపు ఆగండి. వానాకాలంలో మగపిట్ట సగం గూడు అల్లి ఆడపిట్టకు చూపిస్తుంది. ఆమెకు నచ్చితే పూర్తి చేస్తుంది, నచ్చకపోతే సగం గూడు అలాగే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. గొట్టం లేకుండా శిరస్త్రాణంలా ఆగిపోయిన గూళ్ళు అవే.

బైనాక్యులర్ సంగతి. మొదటిసారికి కొనకండి, ఎవరినైనా అడిగి తీసుకెళ్ళండి. పాప మోజు ఉగాది దాకా నిలిస్తే అప్పుడు కొనండి. కొంటే దాని మీద 8x42 అని రాసి ఉన్నది చూడండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. అద్దం వెడల్పైతే తెల్లవారుజామున మసక వెలుతురులో బొమ్మ స్పష్టంగా ఉంటుంది. దుకాణంవాడు 10 రెట్లది, 20 రెట్లది గొప్పదని అంటగట్టబోతాడు. రెట్లు పెరిగే కొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, పిట్ట దొరకదు. పాప చేతికి 8x32 తేలిక. దాని కళ్ళ మధ్య దూరానికి రెండు గొట్టాలు దగ్గరకు వస్తాయా లేదా దుకాణంలోనే పెట్టి చూడండి, చాలా వాటికి రావు. వాడే పద్ధతి ఒకటే: ముందు కళ్ళతో పిట్టను పట్టుకోవాలి, చూపు దాని మీద నుంచి తీయకుండా బైనాక్యులర్‌ను కళ్ళ దగ్గరికి తేవాలి. అందరూ తల దించి, గొట్టాలు చూసుకుని, మళ్ళీ తల ఎత్తుతారు. అప్పటికి అది ఇంకో చెట్టు మీద ఉంటుంది.

ఫోనులో మెర్లిన్ ఆప్ వేసుకోండి, కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళది, ఉచితం. పిట్ట గొంతు విని పేరు చెబుతుంది. మన ప్రాంతపు పక్షుల భాగాన్ని ఇంట్లో ఉండగానే దింపుకోండి, ఒడ్డున సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. అది చెప్పిందల్లా నిజమని కూడా నమ్మకండి, పిట్ట కనబడ్డాకే రాసుకోండి. ఫోనులో కూత వినిపించి పిట్టను పిలిచే పని మాత్రం చేయకండి. శత్రువు వచ్చాడనుకుని మగపిట్ట మేత మానేసి మీ చుట్టూ తిరుగుతుంది. ఫొటో వస్తుంది, దాని ఉదయం పోతుంది.

బట్టలు మట్టి రంగువో ఆకుపచ్చవో వేసుకోండి. పాప కాళ్ళ పట్టీలు ఇంటి దగ్గరే తీసేయండి. సంక్రాంతి కదా అని సకినాలు సంచిలో వేసుకుంటారు. తినండి కానీ చూడడం అయిపోయాకే, ఒక్క సకినం కొరికిన శబ్దానికి గట్టు మీది పిట్టలన్నీ లేచిపోవడం నేను చూశాను. కోతులు చేతిలో సంచి చూస్తే వదలవు, మూత బిగించిన డబ్బా మేలు. అత్తరు, సెంటు వద్దు. పెద్ద మానులకూ కొండ చరియలకూ పెద్ద తేనెటీగల పట్లు ఉంటాయి, వాటి కింద పొగ పెట్టడం, గట్టిగా అరవడం చేయరాదు. బురద పైకి గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. కృష్ణలో మొసళ్ళు ఉన్నాయి, పాప నీటి అంచుకు వెళ్ళకుండా చేయి పట్టుకోండి.

ఎన్ని రకాలు కనిపిస్తాయని అడిగారు. మొదటి రోజు మీకుగా మీరు గుర్తుపట్టేవి పదిహేను నుంచి ఇరవై ఉంటే చాలా బాగా చూసినట్టు. నాతో వచ్చేవాళ్ళు కొందరు నలభై దాటలేదని ముఖం వేలాడేసుకుంటారు. వాళ్ళను నేను రెండోసారి పిలవను.

పేరు తెలియని పిట్టలు తప్పకుండా ఎదురవుతాయి. పాప చేత నోటుపుస్తకంలో ‘నీలం పిట్ట’ అని రాయించకండి, దానితో నేనేమీ చెప్పలేను. గోరింక కన్నా పెద్దదా చిన్నదా, ముక్కు పొట్టిదా పొడుగుదా, నేల మీద నడుస్తోందా గెంతుతోందా, తోక కదుపుతోందా, ఎక్కడ కూర్చుంది, ఏం తింటోంది. ఈ ఆరు రాస్తే చాలు, రంగు చివర రాసినా ఫరవాలేదు. ఒకసారి ఏడో తరగతి అబ్బాయి ‘తల మీద విసనకర్ర, నేలను సూదితో కుడుతోంది’ అని రాసి తెచ్చాడు. కూకుడు గువ్వకు అంతకంటే మంచి వర్ణన నాకు ఇంకెక్కడా దొరకలేదు. మీరు తిరిగి వచ్చాక పాప రాసిన పేజీ ఇక్కడ పెట్టండి, అందులో తేలనివి ఏవైనా ఉంటే చూస్తాను.